పాఠకుల ప్రశ్నలు: బూజు గింజలు, రసాయనాలు, కాలేయ కణాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయాన్ని నాలుగు వైపుల నుంచి అడిగాయి. అందువల్ల వాటికి ఒకేచోట జవాబులు ఇస్తున్నాము. మొదటి జవాబు పొడవుగా ఉంటుంది. మిగిలిన మూడు ప్రశ్నలకు కావలసిన వివరాలు చాలావరకు అందులోనే ఉన్నందువల్ల, ఆ ముగ్గురు పాఠకులు కూడా దానిని ముందుగా చదవవలసిందిగా కోరుతున్నాము.

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. వేరుసెనగే మా ప్రధాన పంట. పీకిన తర్వాత వాన తగిలిన ఏడాది కాయలకు బూజు పడుతుంది. మంచి కాయలు అమ్మకానికి పోతాయి. నాసిరకం గింజలను కొన్ని ఇంట్లో పొడులకు, చట్నీలకు వాడుకుంటాము, మిగిలినవి గానుగకు వేసి ఆ చెక్కను ఆవులకు పెడతాము. ఈ బూజులో ఉండే విషం వల్ల కాలేయానికి క్యాన్సర్ వస్తుందని, అయితే రోజూ ఉసిరికాయ తిని విటమిన్-ఇ మాత్ర వేసుకుంటే, అవి యాంటీఆక్సిడెంట్లు గనుక, ఆ విషం ఏమీ చేయలేదని మా బావగారు అంటున్నారు. ఇందులో నిజమెంత?
- ఒక పాఠకురాలు, కదిరి

జవాబు: మీ బావగారు చెప్పిన మొదటి మాట నిజం. రెండో మాటను నమ్ముకుని బూజు గింజలు తినడం ప్రమాదం. ఎందుకో కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

వేరుసెనగ మీద, మొక్కజొన్న మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్‌జిల్లస్ పారాసిటికస్ అనే బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కొద్ది నెలలలో చనిపోయినప్పుడు, వాటి దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుసెనగ పిండిని పరీక్షించగా ఈ విషం బయటపడింది. మనిషికి క్యాన్సర్ కలిగిస్తాయని నిర్ధారణ అయిన పదార్థాల జాబితాలో, అంటే మొదటి వర్గంలో, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని చేర్చింది. పొగాకు కూడా ఆ వర్గంలోనిదే.

మన దేశం ఈ విషాన్ని మరింత దగ్గరగా చూసింది. 1974 చివరి నెలలలో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల ఆదివాసీ గ్రామాలలో జనం పచ్చకామెర్లతో, పొట్టలో నీరు చేరి జబ్బుపడ్డారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి పరిశీలించి, మరుసటి ఏడాది 'లాన్సెట్' పత్రికలో ప్రచురించిన నివేదిక ప్రకారం జబ్బుపడినవారు 397 మంది, చనిపోయినవారు 106 మంది. అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నే వారికి ఆహారం. అదే తిండి తిన్న ఇంటి కుక్కలు కూడా అదే విధంగా జబ్బుపడి చనిపోయాయి. ఆ గింజలలో కిలోకు 6 మిల్లీగ్రాములకు పైగా, కొన్నింటిలో 15 మిల్లీగ్రాముల దాకా అఫ్లాటాక్సిన్ కనిపించింది. ఈనాడు తృణధాన్యాలలో, శుద్ధి చేయవలసి ఉన్న వేరుసెనగలో మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతించే గరిష్ఠ పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు మాత్రమే. ఆ గ్రామాలవారు తిన్నది దానికి కొన్ని వందల రెట్లు. మీ ఇంటి గింజలలో అంత ఉండదు. అయితే తక్కువ మోతాదు ఏళ్ల తరబడి లోపలికి పోతే వచ్చేది పచ్చకామెర్లు కాదు, క్యాన్సర్. దాని పని పైకి కనిపించదు.

కాలేయంలో ఏమి జరుగుతుందో చూద్దాం. అఫ్లాటాక్సిన్ తినగానే విషంగా పనిచేయదు. కాలేయ కణాలలో ఉన్న ఎంజైములు దానిని బయటికి పంపే ప్రయత్నంలో ఎపాక్సైడ్ అనే చురుకైన రూపంలోకి మారుస్తాయి. ఆ రూపం ఎక్కువసేపు నిలవదు. ఉన్న ఆ కొద్దిసేపటిలోనే దానికి రెండు దారులు. కణంలో సహజంగా ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం దానిని పట్టుకుంటే, అది మూత్రంలోనో పైత్యరసంలోనో బయటికి పోతుంది. పట్టుకోలేకపోతే అది డీఎన్‌ఏలోని గ్వానీన్ అనే అక్షరానికి అతుక్కుంటుంది. అతుక్కున్న ముక్కను కణం చాలాసార్లు కత్తిరించి బాగుచేసుకోగలదు. బాగుచేసుకునేలోపే ఆ కణం రెండుగా విడిపోవలసి వస్తే మాత్రం, తప్పుతో ఉన్న ప్రతి మీదనే కొత్త ప్రతి తయారై, ఆ తప్పు శాశ్వతమవుతుంది. అఫ్లాటాక్సిన్ ఎక్కువగా తినే ప్రాంతాల కాలేయ క్యాన్సర్లలో, కణ విభజనకు కళ్లెం వేసే పీ53 అనే జన్యువులో 249వ స్థానం దగ్గర ఒకే రకమైన మార్పు పదే పదే కనిపించడం ఇందుకు గట్టి సాక్ష్యం.

కాబట్టి ఈ విషయంలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. విషం డీఎన్‌ఏను చేరుతుందా అనేది ఒకటి. చేరిన తర్వాత ఆ కణం పెరుగుతుందా అనేది రెండోది. ఆక్సీకరణ వల్ల కణాలకు కలిగే హానిని తగ్గించే పదార్థాలను యాంటీఆక్సిడెంట్లు అంటారు. అవి ఈ రెండు దశలలో ఒకే విధంగా పనిచేయవు. యాంటీఆక్సిడెంట్ అంటే మంచిదే అనుకునేవారు గమనించనిది ఇదే.

మొదటి దశలో అవి మేలు చేసిన మాట వాస్తవమే. ఎథాక్సీక్విన్, బీహెచ్‌ఏ వంటి యాంటీఆక్సిడెంట్లను ఎలుకలకు ముందుగా తినిపించి, ఆ తర్వాత అఫ్లాటాక్సిన్ ఇచ్చినప్పుడు కాలేయంలో గడ్డలు బాగా తగ్గాయి. ఈ ప్రయోగాల వల్లనే యాంటీఆక్సిడెంట్లకు అంత పేరు వచ్చింది. అయితే అవి రక్షించిన తీరు చాలామంది అనుకునేది కాదు. అవి స్వయంగా విషం మీద పడి దానిని చల్లార్చలేదు. ఎలుక కాలేయ కణాలను కొద్దిగా రెచ్చగొట్టి, గ్లూటాథయోన్‌ను విషానికి తగిలించే ఎంజైములను ఎక్కువగా తయారు చేయించాయి. చిట్టెలుకలలో ఆ ఎంజైము పుట్టుకతోనే బలంగా ఉంటుంది కాబట్టి అవి అఫ్లాటాక్సిన్‌కు అంత సులభంగా లొంగవు. మనిషి ఎంజైములు ఈ పనిలో చిట్టెలుక ఎంజైములంత సమర్థమైనవి కావు. పెద్ద ఎలుకలో వచ్చిన ఫలితాన్ని మనిషికి అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరమని ఇక్కడే తెలుస్తుంది.

రెండో దశకు వచ్చేసరికి కథ తిరగబడుతుంది. 1977లో అమెరికాలో పెరైనో, ఆయన సహచరులు ఎలుకలకు ముందుగా ఒక క్యాన్సర్ కారక రసాయనాన్ని కొంతకాలం తినిపించి ఆపివేసి, ఆ తర్వాత బీహెచ్‌టీ అనే యాంటీఆక్సిడెంట్‌ను ఆహారంలో కలిపి పెట్టినప్పుడు కాలేయ గడ్డలు తగ్గకపోగా పెరిగాయి. ఇదే బీహెచ్‌టీని రసాయనంతో పాటుగా ఇచ్చిన ప్రయోగాలలో గడ్డలు తగ్గాయి. పదార్థం ఒకటే, జంతువు ఒకటే, ఇచ్చిన సమయం మాత్రమే వేరు. అప్పటికే డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాలకు పెరగడానికి అనువైన పరిస్థితి కల్పిస్తే అవి గుంపులుగా పెరుగుతాయి. దెబ్బతిన్న కణాలలో కొన్ని తమ లోపలి ఆక్సీకరణ ఒత్తిడికి తట్టుకోలేక చనిపోతాయి. ఆ ఒత్తిడిని తగ్గిస్తే మంచి కణాలతో పాటు అవి కూడా బతుకుతాయి. కొన్ని కాలేయ క్యాన్సర్లలో యాంటీఆక్సిడెంట్ రక్షణను నడిపే ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే మీట ఎప్పటికీ తెరిచి ఉండే విధంగా జన్యువు మారిపోయి ఉంటుంది, అంటే ఆ రక్షణను క్యాన్సర్ కణం తన కోసం వాడుకుంటున్నది. వంటనూనెలో ఉండే కొద్దిపాటి బీహెచ్‌టీ గురించి దీనిని చదివి భయపడవలసిన పని లేదు, ఎలుకలకు పెట్టిన మోతాదు దానికి ఎన్నో రెట్లు. ఇక్కడ గ్రహించవలసింది సమయం సంగతి.

మనుషుల సంగతి చైనాలో తేలింది. యాంగ్జీ నది సముద్రంలో కలిసే చోట కీదోంగ్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడివారు తరతరాలుగా మొక్కజొన్న తినేవారు, అక్కడి తేమకు దానికి బూజు పట్టేది, కాలేయ క్యాన్సర్ మరణాలు ఎక్కువగా ఉండేవి. అక్కడ 180 మంది పెద్దలకు నాలుగు నెలల పాటు రోజుకు మూడుసార్లు భోజనానికి ముందు 100 మిల్లీగ్రాముల క్లోరోఫిలిన్ గాని, ఉత్తుత్తి మాత్ర గాని ఇచ్చారు. క్లోరోఫిలిన్ అంటే ఆకుల పచ్చదనం నుంచి తీసే రంగు. 2001లో వెలువడిన ఫలితాల ప్రకారం, డీఎన్‌ఏకు అతుక్కుని ఊడిన అఫ్లాటాక్సిన్ ముక్కలు క్లోరోఫిలిన్ వేసుకున్నవారి మూత్రంలో 55 శాతం తక్కువగా ఉన్నాయి. చెప్పుకోదగిన ఫలితమే. అయితే క్లోరోఫిలిన్ పేగులలోనే అఫ్లాటాక్సిన్‌ను పట్టుకుని రక్తంలోకి ఎక్కకుండా ఆపడం దీనికి ముఖ్య కారణమని భావిస్తున్నారు. అంటే యాంటీఆక్సిడెంట్‌గా కంటే అడ్డుకట్టగానే అది ఎక్కువ పనిచేసిందన్నమాట. మొలకెత్తిన బ్రోకలీ గింజల కషాయాన్ని 200 మందికి ఇచ్చిన మరొక పరీక్షలో, రెండు గుంపుల సగటులలో గట్టి తేడా రాలేదు. కషాయంలోని పదార్థం ఒంటికి బాగా పట్టినవారిలో మాత్రమే విషపు గుర్తులు తక్కువగా కనిపించాయి.

కీదోంగ్‌లో అసలు మార్పు తెచ్చింది మాత్ర కాదు, కషాయం కాదు. 1980ల తర్వాత ఆర్థిక సంస్కరణలతో అక్కడికి బయటి బియ్యం వచ్చి, జనం మొక్కజొన్న మానేసి అన్నం తినసాగారు. 1989 నుంచి 2012 మధ్య దాచిన రక్తనమూనాలలో అఫ్లాటాక్సిన్ గుర్తులు 40 రెట్లకు పైగా తగ్గాయి. 35 ఏళ్ల లోపువారిలో కాలేయ క్యాన్సర్ మరణాలు సగానికి పైగా తగ్గాయి. పుట్టిన పిల్లలందరికీ హెపటైటిస్-బి టీకా వేయడం మొదలు కాకముందే పుట్టినవారిలో కూడా ఈ తగ్గుదల కనిపించింది. విషాన్ని లోపలికి పోనివ్వకపోవడమే అసలు రక్షణ అని నేను మీకు చెప్పదలచుకున్నదానికి ఇంతకంటే గట్టి ఆధారం లేదు.

ఇప్పుడు మీ ఇంటి విషయం. ఉసిరికాయ మంచి ఆహారం, నిరభ్యంతరంగా తినండి. అది అఫ్లాటాక్సిన్ వల్ల మనుషులకు వచ్చే కాలేయ క్యాన్సర్‌ను ఆపినట్లు నిదర్శనం లేదు. విటమిన్-ఇ మాత్రను ఇందుకోసం వేసుకోవద్దు. రంగు మారిన, ముడుచుకుపోయిన, పురుగు కొట్టిన, బూజు వాసన వచ్చే గింజలను ఏరి పారవేయండి, ఎందుకంటే విషం బస్తా అంతటా సమంగా ఉండదు, కొన్ని గింజలలోనే పోగుపడి ఉంటుంది. వేయించడం వల్ల కొంత తగ్గుతుంది గాని పోదు. గానుగ పట్టినప్పుడు విషం చాలావరకు నూనెలోకి రాక చెక్కలో నిలిచిపోతుంది, అందువల్ల ఏరివేసిన గింజల చెక్కను పాడి ఆవులకు పెట్టడం మీరు చేస్తున్న పనులలో అన్నింటికంటే హానికరమైనది. ఆవు తిన్న అఫ్లాటాక్సిన్‌లో ఒకటి రెండు శాతం వేరొక రూపంలో మరునాటికే పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగేది ఎక్కువగా పిల్లలు. చెక్క మార్చిన మూడు నాలుగు రోజులలో పాలు శుభ్రపడతాయి.

పొలంలో చేయగలిగింది కూడా చాలా ఉన్నది. చివరి దశలో పైరు ఎండకు గురైతే బూజు కాయలోకి నేలలోనే ప్రవేశిస్తుంది కాబట్టి, వీలున్నవారు ఆ సమయంలో ఒక తడి ఇవ్వాలి. పీకిన చెట్లను కాయలు పైకి ఉండే విధంగా తిరగవేసి ఆరబెట్టాలి. గింజలో తేమ 8 శాతానికి మించకుండా ఎండిన తర్వాతే గోతాలకు ఎత్తి, నేల మీద కాకుండా చెక్కల మీద పేర్చాలి. మిషన్‌లో ఒలిచేటప్పుడు గింజ పగలకూడదని కాయల మీద నీళ్లు చల్లే అలవాటు మన ప్రాంతాలలో ఉన్నది. ఎండబెట్టిన కష్టమంతా ఆ ఒక్క పనితో వృథా అవుతుంది. దయచేసి దానిని మానండి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వేరుసెనగలో అఫ్లాటాక్సిన్‌ను తక్కువ ఖర్చుతో కొలిచే పరీక్షలను రూపొందించారు. మీ వ్యవసాయాధికారిని అడిగితే దగ్గరలో ఎక్కడ పరీక్ష చేయించవచ్చో చెబుతారు.

ఒక్క మాట మిగిలింది. షాంఘైలో 18,000 మంది పురుషులను అనుసరించి చేసిన అధ్యయనంలో, కాలేయ క్యాన్సర్ ప్రమాదం అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉన్నవారికి సుమారు 3 రెట్లు, హెపటైటిస్-బి ఒక్కటే ఉన్నవారికి సుమారు 7 రెట్లు ఉండగా, రెండూ ఉన్నవారికి సుమారు 60 రెట్లు ఉన్నది. వైరస్ కాలేయ కణాలను చంపుతూ, కొత్త కణాలను పదే పదే పుట్టిస్తూ ఉంటుంది. పైన చెప్పిన డీఎన్‌ఏ తప్పు శాశ్వతం కావడానికి కావలసింది ఆ విభజనే. ఇంట్లో అందరూ ఒకసారి హెపటైటిస్-బి రక్తపరీక్ష చేయించుకోండి, లేనివారు టీకా వేయించుకోండి. విటమిన్-ఇ సీసాకు పెట్టే డబ్బును ఈ టీకాకు పెట్టమని మీ బావగారికి కూడా చెప్పండి.

ప్రశ్న: నేను ఎం.ఫార్మసీ చదువుతున్నాను. మా ప్రయోగశాలలో ఎలుకలకు నేల ఉసిరి సారాన్ని వారం రోజులు తాగించి, ఆ తర్వాత కార్బన్ టెట్రాక్లోరైడ్ ఇస్తాము. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ అనే ఎంజైము, సారం తాగిన ఎలుకలలో తక్కువగా వస్తుంది. దీనిని బట్టి ఆ మొక్క కాలేయాన్ని కాపాడుతుందని రాయవచ్చునా? ఇంకొక సందేహం. కాలేయం తిరిగి పెరగగల అవయవం కదా, మరి రసాయనం తర్వాత కణాలు పెరగడాన్ని మంచి సూచనగా తీసుకోవాలా, చెడ్డ సూచనగా తీసుకోవాలా?
- ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మీ రెండో సందేహం చాలా విలువైనది. మొదటిదానికి జవాబు ముందు చెబుతాను.

కార్బన్ టెట్రాక్లోరైడ్ కూడా అఫ్లాటాక్సిన్ వలెనే కాలేయ ఎంజైము చేతిలో పడిన తర్వాతే హాని చేస్తుంది. సీవైపీ2ఈ1 అనే ఎంజైము దాని నుంచి ఒక క్లోరిన్‌ను విడగొట్టి ట్రైక్లోరోమిథైల్ అనే ఫ్రీ రాడికల్‌ను పుట్టిస్తుంది. అది కణపొరల కొవ్వులను గొలుసుకట్టుగా పాడుచేస్తుంది. ఈ ఎంజైము కాలేయంలో కేంద్ర సిర చుట్టూ ఉన్న కణాలలో ఎక్కువ. అందుకే ఇరవై నాలుగు గంటల తర్వాత తీసిన ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే, ప్రతి కేంద్ర సిర చుట్టూ వెలసిపోయిన, కేంద్రకాలు లేని కణాలు వలయంగా కనిపిస్తాయి, వాటికి కొంచెం దూరంలో ఉన్నవి చెక్కుచెదరవు. ఇప్పుడు ఆలోచించండి. మీరు వారం రోజులు ముందుగా తాగించిన సారం ఆ ఎంజైమును అణచివేసి ఉంటే, రాడికల్ తక్కువగా పుట్టి, ఎస్‌జీపీటీ తగ్గుతుంది. అప్పుడు మీరు చూసినది విషం తయారు కాకపోవడం. కాలేయానికి రక్షణ అని రాయడానికి అది చాలదు. రసాయనం ఇచ్చిన తర్వాత సారం ఇచ్చే ఒక గుంపును చేర్చండి, ఎంజైము చురుకుదనాన్ని కొలవండి, ఒకే రోజు కాకుండా ఒకటో, రెండో, మూడో, ఏడో రోజులలో కాలేయాన్ని చూడండి. ఆసుపత్రికి వచ్చే రోగి విషం తినడానికి వారం ముందు మందు తాగి రాడు.

నేల ఉసిరి విషయంలో ప్రత్యేకంగా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1988లో చెన్నై పరిశోధకులు 'లాన్సెట్'లో ఇచ్చిన నివేదికలో, ఈ మొక్క చూర్ణం తీసుకున్న 37 మంది హెపటైటిస్-బి వాహకులలో 22 మందిలో వైరస్ ఉపరితల యాంటిజెన్ కనిపించకుండా పోయింది. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత ఇతర చోట్ల జరిగిన పరీక్షలలో ఆ ఫలితం తిరిగి రాలేదు. మన మొక్కల మీద నాకు గౌరవం ఉన్నది. అందుకే వాటిని ఇంకా కఠినంగా పరీక్షించాలని కోరుతున్నాను.

ఇక పెరుగుదల సంగతి. 1931లో హిగిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు కోసివేసి, మిగిలిన భాగం వారం పది రోజులలో పూర్వపు బరువుకు చేరుతుందని చూపారు. కోసిన తమ్మెలు, అంటే కాలేయపు విభాగాలు, తిరిగి మొలవవు, ఉన్న తమ్మెలే పెద్దవి అవుతాయి. బతికి ఉన్న దాత నుంచి కాలేయ భాగాన్ని తీసి మరొకరికి అమర్చడం ఈ గుణం మీదనే ఆధారపడింది. మీ ఎలుకలలో కార్బన్ టెట్రాక్లోరైడ్ తర్వాత రెండో రోజు ప్రాంతంలో కనిపించే విభజన కూడా ఈ జాతిదే, చనిపోయిన కణాల చోటు పూరించి ఆగిపోయే పెరుగుదల. అది మంచి సూచన. దానిని మొదలుపెట్టే సంకేతాలలో కొద్దిపాటి హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఒకటి కాబట్టి, ఆక్సీకరణను పూర్తిగా అణచడం ఎప్పుడూ లాభమేనని అనుకోకూడదు.

దీనికి భిన్నమైన పెరుగుదల మరొకటి ఉన్నది. ఫినోబార్బిటాల్ అనే మందు, ఒకప్పుడు విద్యుత్ పరికరాల నూనెలలో వాడిన పీసీబీలు అనే రసాయనాలు వంటివి కణాలను పెద్దగా చంపకుండానే వాటికి పెరగమనే ప్రేరణ ఇస్తాయి. ముందుగా డైఇథైల్ నైట్రోసమీన్ వంటి క్యాన్సర్ కారకానికి గురైన ఎలుకలో ఆ ప్రేరణ నెలల తరబడి సాగితే, మారిపోయిన కణాల దీవులు పెరుగుతాయి. ఈ ప్రేరణలో ఆక్సీకరణ ఒత్తిడి పాత్ర ఉన్నది గనుక విటమిన్-ఇ దానిని ఆపుతుందని ఆశించి, కెంటకీ విశ్వవిద్యాలయ పరిశోధకులు పీసీబీలు ఇచ్చిన ఎలుకలకు ఆహారంలో వేర్వేరు మోతాదులలో విటమిన్-ఇ పెట్టి చూశారు. 2005లో వారు ప్రచురించిన ఫలితం ప్రకారం విటమిన్-ఇ ఆ ప్రక్రియను ఆపలేదు. సిద్ధాంతం బాగున్నంత మాత్రాన జంతువులో ఫలితం రాదనడానికి ఇది ఉదాహరణ. ఎలుకలో వచ్చినదంతా మనిషిలో వస్తుందనుకోవడం కూడా పొరపాటే. మూర్ఛ వ్యాధికి ఏళ్ల తరబడి ఫినోబార్బిటాల్ వాడిన రోగులలో, ఆ మందు వల్లనే కాలేయ క్యాన్సర్ పెరిగిందని రుజువు కాలేదు.

అందువల్ల మీ సిద్ధాంత వ్యాసంలో ఎస్‌జీపీటీతో పాటు, విభజించే కణాలలో కనిపించే కేఐ-67 గాని, పీసీఎన్‌ఏ గాని అనే ప్రోటీన్‌కు రంగువేసి, విభజిస్తున్న కణాలను లెక్కించి, అవి ఎక్కడ ఉన్నాయో, ఏ రోజున తగ్గాయో రాయండి. పరీక్షకులు అడగకపోయినా రాయండి.

ప్రశ్న: పరవాడ వైపు ఒక మందుల కర్మాగారంలో పనిచేస్తున్నాను. డీఎంఎఫ్ అనే ద్రావణిని డ్రమ్ముల నుంచి రియాక్టర్‌లోకి ఎక్కించడం నా పని. చేతులకు పల్చని రబ్బరు తొడుగులే ఇస్తారు. కాలేయానికి మంచిదని మా షిఫ్టులో కొందరు విటమిన్-సి, సిలిమారిన్ మాత్రలు వాడుతున్నారు. నేను కూడా వాడవచ్చునా?
- ఒక కార్మికుడు, అనకాపల్లి జిల్లా

జవాబు: తమ్ముడూ, మాత్రల సంగతి తర్వాత, ముందుగా ఆ తొడుగులు మార్పించుకోవాలి. డీఎంఎఫ్ కాలేయాన్ని దెబ్బతీస్తుందని బాగా తెలిసిన ద్రావణి. అది ఊపిరితోనే కాకుండా చర్మం గుండా కూడా తేలికగా లోపలికి పోతుంది. పల్చని సాధారణ రబ్బరు దానిని ఆపలేదు. బ్యూటైల్ రబ్బరు తొడుగులు కావాలి. డ్రమ్ము మూత తీసి పోయడం కాకుండా, మూసిన గొట్టం ద్వారా పంపుతో ఎక్కించే ఏర్పాటు ఉండాలి. పని చేసే చోట ఆవిరిని లాగివేసే ఫ్యాన్లు ఉండాలి. చొక్కా మీద ఒలికితే ఆరిపోతుందిలే అని ఊరుకోకుండా వెంటనే విప్పి ఒళ్లు కడుక్కోవాలి.

మీ షిఫ్టులో ఎవరికైనా కొద్దిగా మద్యం తాగగానే ముఖం ఎర్రబడి, గుండె దడ వస్తున్నదా? డీఎంఎఫ్ లోపలికి పోతున్నదని చెప్పే గుర్తు అది. ఆ గుర్తు కనిపించినవారు మద్యం మానడంతో ఆగకూడదు, సంగతిని వైద్యుడికి చెప్పాలి. కడుపునొప్పి, ఆకలి లేకపోవడం, వికారం కూడా తొలి గుర్తులే.

విటమిన్-సి, సిలిమారిన్ డీఎంఎఫ్ నుంచి కార్మికుల కాలేయాలను కాపాడతాయని చూపిన నిదర్శనం లేదు. అవి వెంటనే హాని చేస్తాయని కూడా నేను అనను. మాత్ర వేసుకున్నామన్న ధైర్యంతో తొడుగుల గురించి అడగడం మానేస్తారేమోనన్నదే నా భయం. యాంటీఆక్సిడెంట్ జాతి మందు కాలేయాన్ని నిజంగా కాపాడే సందర్భం ఒకటి ఉన్నది. పారాసిటమాల్ మితిమీరిన మోతాదులో లోపలికి పోయినప్పుడు, ఆసుపత్రిలో ఎన్-అసిటైల్ సిస్టీన్ ఇస్తారు. అది గ్లూటాథయోన్ నిల్వలను తిరిగి నింపుతుంది. 8 గంటల లోపల మొదలుపెడితే దాదాపు పూర్తి రక్షణ ఇస్తుంది. అక్కడ విషం ఏదో తెలుసు, అది లోపలికి వెళ్లిన సమయం తెలుసు, అది ఖాళీ చేసే పదార్థం ఏదో తెలుసు. రోజూ కొంచెం కొంచెంగా ఒంట్లోకి పోయే ద్రావణి విషయంలో ఆ సౌలభ్యం లేదు.

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ, ప్రమాదకర ప్రక్రియలలో పనిచేసేవారికి చేరే ముందు, ఆ తర్వాత 12 నెలలు మించకుండా వైద్య పరీక్షలు చేయించే బాధ్యతను యాజమాన్యం మీద పెట్టింది. ఆ రికార్డులను చూసే హక్కు కార్మికుడికి ఇచ్చింది. మీ ఎస్‌జీపీటీ ఫలితాలను అడిగి తీసుకుని, తేదీల వారీగా ఇంట్లో దాచుకోండి. ఒక్క ఫలితం కంటే అది ఏ వైపు కదులుతున్నదన్నది ఎక్కువ చెబుతుంది. అడగడం ఒక్కరికి కష్టమైతే షిఫ్టులో అందరూ కలిసి రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: నేను మా అబ్బాయి దగ్గర న్యూజెర్సీలో ఉంటున్నాను. మోకాళ్ల నొప్పులకు, ఒంట్లోని విషాలు పోవడానికి మంచిదని మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ ఆరు నెలలుగా వేసుకుంటున్నాను. ఈ మధ్య నీరసంగా ఉంటున్నది, మూత్రం ముదురు రంగులో వస్తున్నది. చిన్నప్పటి నుంచి తింటున్న పసుపే కదా, దీనివల్ల ఏమీ కాదని మా వియ్యపురాలు అంటున్నారు.
- ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: అమ్మా, ఈ జవాబు చదివిన రోజే క్యాప్సూల్స్ ఆపి, వైద్యుడికి చూపించుకోండి. మీరు చెప్పిన రెండు లక్షణాలు కాలేయ వాపులో కనిపించేవే.

పప్పులో వేసే చిటికెడు పసుపులో కర్క్యుమిన్ వంద పాళ్లకు సుమారు మూడు పాళ్లే. అందులోనూ చాలావరకు ఒంటికి పట్టకుండా పోతుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల సారం, కలిపి ఇచ్చినప్పుడు మనుషుల రక్తంలోకి ఎక్కిన కర్క్యుమిన్ 20 రెట్లు పెరిగింది. క్యాప్సూల్ తయారీదార్లు ఆ మిరియాల సారం కలిపేది అందుకే. కాబట్టి మీరు వేసుకుంటున్నది వంటింటి పసుపు కాదు, మోతాదు కూడా అది కాదు. మందుల వల్ల కాలేయానికి కలిగే హానిని నమోదు చేసే అమెరికా వైద్యుల బృందం, 2004 నుంచి 2022 వరకు తమ దగ్గరికి వచ్చినవారిలో 10 మందికి పసుపు ఉత్పత్తుల వల్ల కాలేయం దెబ్బతిన్నదని నివేదించింది. వారిలో ఒకరు చనిపోయారు. ఇటలీ ప్రభుత్వం 2022లో ఇటువంటి ఉత్పత్తుల మీద హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. గ్రీన్ టీ సారం మాత్రలదీ ఇదే పరిస్థితి. వాటిలోని ఈజీసీజీ రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన అయితే కాలేయ ఎంజైములు పెరగవచ్చునని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. వేసుకున్న ప్రతివారికీ ఇలా జరగదు, ఎవరికి జరుగుతుందో ముందుగా చెప్పడం కష్టం.

యాంటీఆక్సిడెంట్ మాత్రలన్నింటినీ నేను తోసిపుచ్చడం లేదు. మధుమేహం లేని, కొవ్వు చేరి వాచిన కాలేయం ఉన్నవారికి రోజుకు 800 యూనిట్ల విటమిన్-ఇ ఇచ్చిన పరీక్షలో 43 శాతం మందికి మెరుగు కనిపించింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అది 19 శాతమే. ఇది 2010 నాటి ఫలితం. అదే విటమిన్-ఇ రోజుకు 400 యూనిట్ల చొప్పున ఆరోగ్యవంతులైన పురుషులకు ఇచ్చిన మరొక పెద్ద పరీక్షలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది. అందుకే ఇటువంటివి ఫలానా జబ్బుకు, ఫలానా మోతాదులో, వైద్యుడి పర్యవేక్షణలో వాడవలసినవి.

వైద్యుడు ఏ మందులు వాడుతున్నారని అడిగినప్పుడు, పసుపు మందు కాదనుకుని చాలామంది చెప్పరు. మీరు తప్పకుండా చెప్పండి, సీసాను కూడా తీసుకువెళ్లండి. ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ పరీక్షలు ఆ రోజే చేయమని అడగండి. కళ్లు పచ్చబడినా, ఒళ్లు దురద పెట్టినా, మాటలో తడబాటు, మత్తు వంటివి కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అబ్బాయిని తీసుకుని నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. కూరలో పసుపు మానవలసిన అవసరం లేదు.